పప్పు ఏ నీళ్లతో వండుతారని ఎవరూ అడగలేదు: ఫ్లోరైడ్ పరిశోధనలో నా అనుభవం

మాది అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు ఒక ఊరు. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకో కింద చెప్తాను. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను, పొదుపు సంఘం లెక్కలు రాస్తాను. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లూ ఎముకలూ పాడవుతాయి. 2023 జూన్ నుంచి 2025 సంక్రాంతి దాకా మా ఊళ్లో దాని మీద జరిగిన పరిశోధనలో ఊరి తరఫున పనిచేశాను. రేపు ఇలాంటి బృందం ఇంకో ఊరికి వస్తే అక్కడివాళ్లకు ముందే తెలిసి ఉంటే మంచిదని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బడి తెరిచిన కొత్తలో వచ్చారు. యూనివర్సిటీ నుంచి ఒక మేడం, ఆమె దగ్గర చదువుకునే ఇద్దరు. పిల్లల్ని వరండాలో వరసగా నిలబెట్టి, టార్చి వేసి పళ్లు చూశారు. మా పాప అప్పుడు ఆరో తరగతి. ముందు పళ్ల మీద అడ్డంగా పసుపు చారలు, అంచుల్లో గోధుమరంగు మచ్చలు. నవ్వొస్తే చేయి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. వాళ్ల క్లాసులో ఆడపిల్లలు చాలామంది అంతే. మేడం ఒక్కొక్కరి పేరు పక్కన ఒక అంకె వేసుకుంటూ పోతున్నారు. డీన్ సూచిక అంటారట, బాగున్న పళ్ల నుంచి బాగా దెబ్బతిన్న పళ్ల దాకా మెట్లుగా ఉంటుంది. "మా పాపకు ఎంత వేశారు మేడం?" అని అడిగాను. ఆమె పని ఆపి, పాప పన్ను మీద చారను నాకు చూపించి చెప్పారు. చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే ఈ మచ్చ పడిపోతుందట. దాదాపు ఎనిమిదేళ్ల లోపే. తర్వాత ఎంత మంచి నీళ్లు తాగినా వచ్చిన పళ్లు మారవట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా చిన్నోడికి అప్పుడు నాలుగేళ్లు. వాడికి రావలసిన పళ్లు ఇంకా లోపలే ఉన్నాయి. నేను ఈ పనిలో చేరింది వాడి కోసమే.

ఆగస్టులో పంచాయతీ ఆఫీసు దగ్గర మీటింగు పెట్టారు. మేడం మాట్లాడకముందే మావాళ్లు లేచారు. ఇంతకుముందు కూడా ఎవరెవరో వచ్చి బాటిళ్లలో నీళ్లు పట్టుకుపోయారు, ఫోటోలు తీసుకున్నారు, మళ్లీ కనబడలేదు. ఆ నీళ్లలో ఏముందో ఈరోజుకీ మాకు తెలీదు. అందుకని ఒక పెద్దాయన నేరుగా అడిగాడు: "అమ్మా, మా ఒంటి సంగతి మాకు చెప్పేదుంటేనే రాండి. లేకుంటే ఏంటికి?" ఆ మీటింగులోనే మూడు మాటలు అనుకున్నాం. ఎవరి ఫలితం వాళ్లకు తెలుగులో కాగితం మీద ఇవ్వాలి. నమూనాలు తీసే పనిలో మా ఊరివాళ్లే ఉండాలి, దానికి కూలి ఇవ్వాలి. బయట ఎక్కడ రాసినా ఊరి పేరు రాయాలా వద్దా అన్నది మేమే తేల్చాలి.

ఆ మూడో దాని మీద చాలాసేపు మాటామాటా పెరిగింది. పేరు బయటికొస్తే సర్కారు కదులుతుందని కుర్రాళ్లు అన్నారు. పెళ్లీడు ఆడపిల్లలున్న తల్లులు ఒప్పుకోలేదు. మా ఊరి సంబంధం అనగానే ముందు పిల్ల పళ్లు చూసి, తర్వాత నడుం సంగతి అడిగిపోయిన వాళ్లు ఉన్నారు. నేను తల్లుల వైపే మాట్లాడాను. అందుకే ఇక్కడా పేరు లేదు.

అసలు విషయం బయటపడింది మాత్రం ఆ తర్వాత, మేడం ప్రశ్నల కాగితం చదివి వినిపించినప్పుడు. "మీరు తాగే నీరు ఎక్కడిది?" అన్న ప్రశ్నకు అందరం ఒకటే చెప్పాం. ట్యాంకు నీళ్లు, లేదంటే ఫిల్టర్ క్యాను. వాళ్లు ముందే చేసిన పరీక్షలో ట్యాంకు నీళ్లలో ఫ్లోరైడ్ ఒకటి కంటే తక్కువే ఉంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం. అలాంటప్పుడు పిల్లలకు ఈ పళ్లేంటి, పెద్దవాళ్లకు ఈ నడుములేంటి అని వాళ్లకు అంతు పట్టడం లేదు. అప్పుడు మా వీధిలో ఒక వదిన వెనక నుంచి అంది: "తాగేది ట్యాంకు నీళ్లే మేడం. పప్పు దేంతో ఉడకల్ల?"

ఆ ప్రశ్న కాగితంలో లేదు. ఆ మాట విని మేడం కుర్చీ తెచ్చుకుని ఆడవాళ్ల మధ్య కూర్చున్నారు.

మా ఊళ్లో ఏ ఇల్లాలికైనా తెలిసిన సంగతి ఇది. ట్యాంకు నీళ్లతో కందిపప్పు ఎంతసేపు పెట్టినా పలుకుపలుకుగానే ఉంటుంది, గిన్నెకు తెల్లగా పొర కడుతుంది. అదే వీధి బోరు నీళ్లయితే తియ్యగా ఉంటాయి, పప్పు ఇట్టే మెత్తబడుతుంది, టీ బాగుంటుంది, సబ్బు బాగా నురగొస్తుంది. అందుకే తాగేదానికి ట్యాంకు, వండేదానికి బోరు. మా అత్త కాపురానికి వచ్చినప్పటి నుంచీ, చేతిపంపు రోజుల నుంచీ అంతే.

దానికి కారణం మేడం చెప్తుంటే గుండె ఝల్లుమంది. గిన్నెకు తెల్లగా పట్టే ఆ సున్నం, అంటే కాల్షియం, ఉన్న నీళ్లలో ఫ్లోరైడ్ అంతగా కరగదట. సున్నం తక్కువై సోడా గుణం ఎక్కువున్న నీళ్లే మన నల్లరాతి పొరల్లోంచి ఫ్లోరైడ్‌ను లాక్కొస్తాయట. పప్పును త్వరగా మెత్తబరిచేదీ ఆ సోడా గుణమే. కాచితే పోతుందేమో అని అడిగాం. పోదు. నీళ్లు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. ఇక రాగి సంగటి పోసిన నీళ్లన్నీ పీల్చుకుంటుంది, వార్చేది ఉండదు. నీళ్లలో ఉన్నదంతా ముద్దలోకే.

మా ఇంట్లో పొద్దున సంగటి, రాత్రి పప్పు. ఇన్నేళ్లుగా ఆ బోరు నీళ్లతోనే నా చేత్తో వండి పెట్టాను. ఆ పూట ఇంటికెళ్లి పొయ్యి ముందు కూర్చున్నానే గానీ వెలిగించబుద్ధి కాలేదు.

ప్రశ్నల కాగితం మార్చారు. వండే నీళ్లు, టీ నీళ్లు, చేలో తాగే నీళ్లు, బళ్లో మధ్యాహ్న భోజనం నీళ్లు అన్నీ చేర్చారు. కానీ ఒక్క ప్రశ్న మారినా యూనివర్సిటీలో నైతిక కమిటీ మళ్లీ చూసి ఒప్పుకోవాలట. రెండు నెలలు అన్నారు, డిసెంబరు వచ్చింది. ఈలోపు ఊళ్లో "వీళ్లూ అందరిలాంటోళ్లే" అనే మాట మొదలైంది. మేడం నెలకోసారి ఫోన్ చేసి ఎక్కడిదాకా వచ్చిందో చెప్పబట్టి నేను జవాబు చెప్పుకోగలిగాను. అదీ లేకపోతే ఈ పని అక్కడే ఆగిపోయేది.

2024 జనవరి, సంక్రాంతి తర్వాత మా అయిదుగురికి శిక్షణ ఇచ్చారు. నలుగురం ఆడవాళ్లం, ఒక డిగ్రీ అబ్బాయి. రోజుకు 350 రూపాయలు, అంటే చేను పనికి వచ్చే కూలి. నీళ్లు పట్టడంలోనూ పద్ధతి ఉందని అప్పుడే తెలిసింది. గాజు సీసా పనికిరాదు, ఫ్లోరైడ్ గాజుకు పట్టుకుంటుంది కాబట్టి ప్లాస్టిక్ బాటిలే వాడాలి. బోరు కాసేపు ఆడించి, పైపులో నిలవున్న నీళ్లు పోయాకే పట్టాలి. అదే నీళ్లతో బాటిల్‌ను మూడుసార్లు తొలిచి, అప్పుడు నింపాలి. మూత మీద కాకుండా బాటిల్ మీదే నంబరు వేయాలి, మూతలు తారుమారైతే అంతా పోయినట్టే. అక్కడికక్కడే పరీక్షించే కిట్‌లో నీళ్లు పోసి మందు చుక్కలు వేస్తే నీళ్లు గులాబీ రంగులో ఉంటాయి. ఫ్లోరైడ్ ఎక్కువుంటే పసుపు వైపు తిరుగుతాయి. మా వీధి బోరు దగ్గర నేనే వేశాను. చూస్తుండగానే పసుపైపోయింది. చుట్టూ పిల్లలు చప్పట్లు కొట్టారు, వాళ్లకు అది రంగుల ఆట. ల్యాబులో మళ్లీ చూస్తే ఆ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు మూడు మిల్లీగ్రాములు దాటింది.

సంతకాల దగ్గర చాలా టైం పట్టింది. ఒక్కొక్కరికి నాలుగు పేజీల కాగితం మొత్తం చదివి వినిపించాలి. చదువు రానివాళ్లు వేలిముద్ర వేస్తే, పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కనుండి సంతకం చేయాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నిబంధనల్లో అలా ఉంది. ఏడేళ్లు దాటిన పిల్లల్ని తల్లిదండ్రులతో పాటు విడిగా కూడా అడగాలి. వేలిముద్ర అనగానే ముసలాళ్లు బెదిరిపోయారు. భూమి పోతుందేమో, పింఛను తీసేస్తారేమో అని. ఒకాయన అయితే పాస్‌బుక్కు పట్టుకొచ్చి "దీనికీ దానికీ సంబంధం లేదని నువ్వు రాసియ్యి" అన్నాడు. నేను రాసిచ్చాను. కొందరు ఒప్పుకోలేదు, వాళ్లను బలవంతం చేయలేదు.

ఫిబ్రవరిలో మూత్రం నమూనాలు. తాగిన ఫ్లోరైడ్‌లో కొంత ఎముకల్లో చేరుతుంది, మిగతాది మూత్రంలో పోతుంది. పిల్లల ఎముకలు పెద్దవాళ్ల కంటే ఎక్కువ పట్టుకుంటాయి. ఈ సంగతి చెప్పాక కూడా సిగ్గు సిగ్గే. కోడలు మామ ముందు బాటిల్ ఎట్ల తెచ్చిస్తుంది? అందుకని గుడ్డ సంచులు కుట్టాను, ఒక్కో బాటిల్‌కు ఒకటి, నంబరు దారంతో కుట్టి. పొద్దున్నే అంగన్‌వాడీ గడప దగ్గర సంచి పెట్టి వెళ్లిపోవచ్చు. ఆ తర్వాత ఎవరినీ బతిమాలాల్సిన అవసరం రాలేదు. నెలసరిలో ఉన్నవాళ్ల నమూనా వారం తర్వాత తీసుకోవాలని ఆడవాళ్లమే గుర్తు చేశాం.

నడుం, మెడ పరీక్షలు కూడా అంగన్‌వాడీలోనే జరిగాయి. మోకాళ్లు వంచకుండా వంగి కాలి వేళ్లు తాకాలి. గడ్డం ఛాతీకి ఆనించాలి. చేతులు రెండూ పైకెత్తి తల వెనక్కి పెట్టాలి. ఇంతే, మిషన్లేమీ ఉండవు. మా అత్తకు గడ్డం కిందికి దిగలేదు. నాలుగు వేళ్ల సందు ఉండిపోయింది. "ఇంకొంచెం వంచమ్మా" అంటే ఆమె నడుం ముందుకు వంచుతోంది, మెడ మాత్రం కదలదు. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే మనిషంతా తిరిగి చూస్తుంది. అది ఆమె తీరు అనుకున్నాం మేము ఇన్నాళ్లూ. వాతమన్నారు, వయసన్నారు. నొప్పి మాత్రలు ఎన్ని మింగిందో లెక్కలేదు.

మార్చిలో ఎక్స్‌రేల కోసం అనంతపురం వెళ్లాం. వ్యాను వాళ్లే మాట్లాడారు, భోజనం పెట్టారు. కానీ ఒక పూట అన్నది రాత్రయింది. ఆరోజు కూలి పోయినవాళ్లకు మొదట ఆ డబ్బు లెక్కలో లేదు, మేము అడిగితే తర్వాత ఇచ్చారు. మీరు ముందే అడిగి రాయించుకోండి. గర్భిణులను ఎక్స్‌రేకు తీసుకోరు, కాబట్టి వ్యాను ఎక్కకముందే కనుక్కోవాలి. మాతో వచ్చిన ఒక కొత్త కోడలు అక్కడ గది ముందు ఈ మాట విని వెనక్కి తగ్గింది. ఆ సంగతి ఆమె అత్తకు కూడా అక్కడే తెలిసింది.

ఆ తర్వాత ఎదురుచూపులు. మూడు నాలుగు వారాల్లో ఫలితాలు వస్తాయన్నారు. ల్యాబులో ఆలస్యమైంది. అంతలో మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టడానికి లేదన్నారు. మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు. ఆ వేసవంతా నేను వీధిలోకి రావాలంటే ఇబ్బంది పడ్డాను. "మా కాగితాలేవమ్మా?" అని కిరాణా కొట్టు దగ్గర, బస్సులో, గుళ్లో కూడా అడిగారు. కొందరు నేను డబ్బు తీసుకుని ఊరిని అమ్మేశానన్నారు. ఇంట్లో చెప్పలేక మిషను మీద తల పెట్టుకుని ఏడ్చిన రోజులున్నాయి. ఈ పనికి ఒప్పుకునే ఏ ఆడమనిషైనా ఈ మాటలు పడాల్సి వస్తుందని తెలుసుకుని ఒప్పుకోవాలి.

జూలైలో ఫలితాలు వచ్చాయి. ఒక్కొక్కరికి ఒక్కో కవరు. లోపల తెలుగులో మూత్రంలో ఎంత ఉంది, ఇంటి నీళ్లలో ఎంత, పళ్ల సంగతి, కీళ్ల సంగతి. మా అత్త ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య ఉండే పల్చటి పొర సున్నం పట్టి ముళ్లు ముళ్లుగా గట్టిపడింది. ఇది వయసుతో వచ్చే అరుగుదల కాదని, ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు, గుర్తని డాక్టర్ వేలు పెట్టి చూపించారు. ఆమె చాలాసేపు ఫిల్ము పట్టుకుని చూసి "అయితే నాది వేషం కాదన్నమాట" అంది. నడుం నొప్పి అన్నప్పుడల్లా పని తప్పించుకుంటోందన్న మాట ఆమె పడింది, మా మామ బతికున్నప్పుడు.

మన ఊరికే ఎందుకొచ్చిందని ఎవరో అడిగారు. మనదేశంలో ఈ జబ్బును డాక్టర్లు మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో అని మేడం చెప్పారు. దాదాపు తొంభై ఏళ్లు. నల్గొండ పేరు విన్నాం గానీ, ఇది ఇంత పాతదని మాలో ఎవరికీ తెలీదు. ఏం తినాలని అడిగితే పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరికాయ అన్నారు. చింతపండు తింటే ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోతుందని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ అధ్యయనాల్లో తేలిందట. కానీ నీళ్లు మార్చకుండా ఎన్ని తిన్నా లాభం లేదని గట్టిగా చెప్పారు.

ఆ మీటింగులోనే మేము ఒకటి అడిగాం. వండే నీళ్లు మారిస్తే నిజంగా తగ్గుతుందా, మా మీదే చూడండి అని. ముప్పై ఇళ్లు ముందుకొచ్చాయి. ఆగస్టు, సెప్టెంబరు వంటంతా ట్యాంకు నీళ్లతో, లేదా క్యాను నీళ్లతో. క్యాను పది రూపాయలు, వంటకు కూడా కొనాలంటే నెలకు మూడు నాలుగు వందలు అదనం. అది అందరి వల్లా కాదు. పప్పు సంగతికి దారి మేమే కనిపెట్టాం. రాత్రే నానబెట్టి, పొద్దున కుక్కర్లో పెడితే ట్యాంకు నీళ్లతోనూ ఉడికింది. రుచి మారిందని మగవాళ్లు వారం గొణిగారు, తర్వాత మానుకున్నారు. బళ్లో వంట చేసే అక్క కూడా మాతో చేరింది. అందరి పిల్లలూ తినే అన్నం అది. ఇన్ని ఇళ్ల వంట మార్చడం కంటే ఆ ఒక్క పొయ్యి నీళ్లు మార్చడమే పెద్ద పని అని నా నమ్మకం.

అక్టోబరులో మళ్లీ నమూనాలు ఇచ్చాం, డిసెంబరు చివర కాగితాలు వచ్చాయి. ఇంటి పట్టున ఉండేవాళ్లకు, చిన్నపిల్లలకు మూత్రంలో ఫ్లోరైడ్ బాగా తగ్గింది. మా చిన్నోడికి సగానికి వచ్చింది. కూలికి పోయేవాళ్లకు మాత్రం పెద్దగా తగ్గలేదు. ఒకే ఇంట్లో బాలింతకు తగ్గి, భర్తకు తగ్గలేదు. కారణం మాకు అప్పుడే తెలిసిపోయింది. ఆ రెండు నెలలూ చెనిక్కాయ చేలల్లో కలుపు పని. ఎండలో పొద్దంతా తాగేది చేలో బోరు నీళ్లు. మేము మొదట నీళ్లు పట్టిన చోట్ల పటంలో ఆ చేల బోర్లు కొన్నే ఉన్నాయి. మళ్లీ తిరిగి అన్నీ పట్టి పరీక్ష చేశాం. చాలావాటిలో వీధి బోరు కంటే ఎక్కువుంది.

వీధి బోరుకు ఎర్ర రంగు వేశాం, తాగవద్దు, వండవద్దు అని రాశాం. దానికి సర్పంచు ఒప్పుకున్నాడు. చేల దగ్గర మాత్రం ఇంకా తెగలేదు. తన బోరుకు రంగు వేస్తే పొలం ధర పడిపోతుందని ఒక రైతు పోట్లాడాడు. ఆయన బాధ అబద్ధమని నేను అనను. ప్రస్తుతానికి కూలికి పోయేవాళ్లు ఇంటి నుంచి అయిదు లీటర్ల డబ్బా మోసుకుపోతున్నారు. కూలి మాట్లాడుకునేటప్పుడే మంచినీళ్ల క్యాను కూడా రైతే తేవాలని సంఘంలో అనుకుంటున్నాం.

మీ ఊరికి ఇలాంటివాళ్లు వస్తే ముందు ప్రశ్నల కాగితం అడిగి తీసుకుని, వంట చేసేవాళ్లకు, కూలికి పోయేవాళ్లకు చదివి వినిపించండి. ఫలితం ఎప్పుడిస్తారో తేదీతో రాయించుకోండి. ఆలస్యమైతే ఆ మాట వాళ్లే ఊరికి వచ్చి చెప్పాలని కూడా రాయించండి, మధ్యలో ఉన్న మీ మీద పడకుండా.

మేడం బృందం రాసిన పేపరు ఇంకా అచ్చు కాలేదు. పంపకముందు సంక్రాంతికి తెలుగులో మాకు చదివి వినిపించారు, రెండు చోట్ల మేము మార్పించాం. మా అత్త ఎక్స్‌రే, డాక్టర్ కాగితం పట్టుకుని సచివాలయంలో సదరం పరీక్షకు, అంటే వైకల్యం ఎంతుందో తేల్చే పరీక్షకు, స్లాట్ పెట్టించాం. వైకల్యం నలభై శాతం ఉందని తేలితే పింఛనుకు అర్హత వస్తుంది. తేదీ ఇంకా రాలేదు.